పేరు వాపసు

ఇందులో ఎవరి పేరూ రాయను. జరిగిన గొడవంతా ఒక పేరు వల్ల వచ్చిందే కాబట్టి, చదివేవాళ్ళు ఈమాత్రం సర్దుకోవాలి.

నేను పుట్టి పెరిగింది ఖమ్మం అంచున, ఖానాపురం హవేలిలో. వీధి చివర నిలబడి చెయ్యెత్తితే షేర్ ఆటో ఆగేది. అలాంటి చోటు నుంచి, రెండు వేల దశకం మొదట్లో పెళ్ళి చేసుకుని చర్ల అవతల అడవిలోకి వెళ్ళాను. మా ఆయన అక్కడి సర్కారు బడిలో పంతులు. మా అత్తమ్మ అదే ఊరి నర్సు, ఊరందరికీ నర్సమ్మ. పెళ్ళిచూపులప్పుడు ఊరు కొంచెం లోపలికి ఉంటుందని చెప్పారు. ఆ కొంచెం ఎంతో బస్సు దిగి నడక మొదలుపెట్టాక తెలిసింది. పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని వాగు తర్వాత వాగు దాటుతూ, ఇక ఇక్కడ కూర్చుని ఏడవాల్సిందే అనుకున్న చోట, అత్తమ్మ అప్పటికే అవతలి గట్టు ఎక్కి "జల్దీ రా బిడ్డా, ఆడ ఒకామెకు నొప్పులొస్తున్నయంట" అని కేకేసింది. కొత్త కోడలిగా నేను ఇంట్లో కుడికాలు పెట్టేసరికి మా అత్తమ్మ ఆ ఇంట్లోనే లేదు, పురుడు పోయడానికి వెళ్ళిపోయింది.

ఆమెకు కుడి చెవి సరిగా వినపడదు. అందుకని గట్టిగా మాట్లాడేది. దేవుడికి కూడా ఒక చెవి అంతేనని అనుమానం కాబోలు, ప్రార్థన ఇంకా గట్టిగా చేసేది. రోజూ పొద్దుగూకే వేళకి వసారాలో లాంతరు పెట్టి, చాప పరిచి, మా ఇద్దరినీ కూర్చోబెట్టేది. మా వసారాకి గోడలు లేవు, వెదురు తడికె ఒకటి ఉండేది అంతే. కాబట్టి మా కుటుంబ ప్రార్థనలో ఊరు సగం కూర్చున్నట్టే లెక్క. నేను పొయ్యి మీద అన్నం పెట్టి వచ్చి కూర్చునేదాన్ని. ప్రార్థన పొట్టిదైతే ఆ పూట అన్నం తినేట్టు ఉండేది. ఎవరిమీదైనా అత్తమ్మకి దిగులు పుట్టిందా, మాడిన వాసన ఆమేన్ కంటే ముందే వచ్చేది.

ఆమె ప్రార్థనలో ఇంకో విశేషం ఉంది. ఎవరి కోసం ప్రార్థించినా ఉత్త పేరు చెప్పి ఊరుకోదు. పేరు, తండ్రి పేరు, ఇంటి పేరు, ఊళ్ళో ఏ మూల ఇల్లు అన్నీ చెప్పాలి. జ్వరమొచ్చిన వాళ్ళ వేలు పొడిచి, గాజు స్లైడు మీద రక్తం చుక్క తీసి, ఎవరిదో రాసి మలేరియా పరీక్షకి పంపే ఉద్యోగం కదా, చేసీ చేసీ ఆ అలవాటు నోటికి కూడా పట్టుకుంది. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"అత్తమ్మా, దేవుడికి ఆమాత్రం తెలీదా? ఇంటి గుర్తులు కూడా చెప్పాలా?"

"ఆయనకు తెలుసు బిడ్డా. నేను మరువకుండ ఉండాలె గదా" అంది.

ఆ రోజుల్లో రోడ్డు మీద పోలీసు క్యాంపు ఉండేది. అడవి లోపల వేరే తుపాకులు ఉండేవి. ఎటువాళ్ళు ఎప్పుడు ఊళ్ళోకి వచ్చినా మేమంతా తలుపులు వేసుకుని కూర్చునేవాళ్ళం. అత్తమ్మ మాత్రం వాళ్ళ వేళ్ళు కూడా పొడిచి స్లైడ్లు తీసేది. సాయంత్రం రెండు వైపులవాళ్ళనీ పక్కపక్కన పెట్టి ప్రార్థించేది. "క్యాంపుల ఉన్న పోరగాళ్ళు, అడవిల ఉన్న పోరగాళ్ళు. వాళ్ళ పేర్లు నాకు చెప్పరు తండ్రీ, నువ్వే రాసుకో. ఎవని తల్లిని కూడా ఏడ్పించకు." మా ఆయన భయంతో గొంతు తగ్గించమని సైగ చేసేవాడు. ఆమె కళ్ళు మూసుకుని ఉండేది కాబట్టి ఆ సైగలు ఎప్పుడూ ఆమెకి చేరలేదు.

ఇక మా విరోధి సంగతి. ఆయన ఆ ఊరి పెద్ద. మా తడికె పక్కనే ఆయన ఇల్లు. నిటారుగా, పొడుగ్గా ఉండేవాడు, భుజం మీద ఎర్ర తువ్వాలు. మనిషి చెడ్డవాడేం కాదు, ఆ మాట ముందే చెప్పేయాలి. ఆ ఊళ్ళో విత్తనం వేయడానికి ముందు భూమి పండుగ చేస్తారు. మగవాళ్ళంతా కలిసి వేటకి వెళ్తారు, అది అయ్యేదాకా ఎవరూ పొలంలో గింజ వేయరు. మా వసారాలో పాటలు పాడటానికి వచ్చే రెండు మూడు ఇళ్ళ వాళ్ళు ఆ ఏడు వేటకి వెళ్ళలేదు. ఆ ఏడే వానలు ఆలస్యమయ్యాయి. ఊరు బాగోగులు చూడాల్సిన మనిషిగా ఆయన ఆ రెంటినీ ముడిపెట్టాడు. ఒక పొద్దున నలుగురిని వెంటబెట్టుకుని వచ్చి, మేము ఆదివారాల కోసం కొత్తగా వేసుకున్న ప్రార్థన పాకని ఊడదీయించాడు. తిట్లు లేవు, కొట్లాట లేదు. తాటాకులు ఒద్దికగా దొంతరపెట్టించి, గుంజలు మాత్రం పీకించుకుని పోయాడు. అవి మా ఆయన అడవి నుంచి భుజాన మోసుకొచ్చి, ఆ తర్వాత వారమంతా మెడ తిప్పలేకపోయిన గుంజలు.

మర్నాడు చూస్తే వాటితో మేకలదొడ్డి వేశాడు. అదీ సరిగ్గా నా వంటింటి కిటికీకి ఎదురుగా. ఆదివారం మేము వసారాలో ఒకరి మోకాలు ఒకరికి తగిలేలా ఇరుక్కుని పాడుకుంటుంటే, ఆ మేకలు మా పాకలో హాయిగా కాళ్ళు ముడుచుకుని నెమరేసేవి. వాటిలో గడ్డమున్న మేకపోతు ఒకటి నేను బియ్యం కడిగినప్పుడల్లా నా వైపే చూసేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

దొడ్డి లేచిన సాయంత్రమే అత్తమ్మ ఆయన్ని ప్రార్థనలో చేర్చింది. చివర్లో కూడా కాదు, మొట్టమొదట. పేరు, చచ్చిపోయిన ఆయన తండ్రి పేరు, ఇంటి పేరు, మేకలదొడ్డి పక్క ఇల్లు, అన్నీ చెప్పి, "ఆయన ఇల్లు సల్లగుండాలె, పిల్లలు సల్లగుండాలె, మేకలు సల్లగుండాలె" అంది. మేకల దగ్గరికొచ్చేసరికి నా ఓపిక అయిపోయింది. మా ఆయన బుద్ధిగా ఆమేన్ అన్నాడు. నేను నోరు తెరవలేదు. ఆ రోజు నుంచి ఆయన పేరు వచ్చినప్పుడల్లా నా ఆమేన్ నేనే మింగేసేదాన్ని. దేవుడి ముందు అబద్ధం ఆడకూడదు కదా మరి.

ఆ ప్రార్థన తడికె అవతల ఎలా వినపడుతోందో మాలో ఎవరికీ తట్టలేదు. ఆ ఊళ్ళో నమ్మకం ఏమిటంటే, ఒక మనిషి మీద మంత్రం పెట్టాలంటే అతని పేరు, తండ్రి పేరు, ఇంటి పేరు కలిపి, దీపం ముందు కళ్ళు మూసుకుని చెప్పాలి. అదీ పొద్దుగూకే వేళ. అన్నేళ్ళు ఆ ఊళ్ళో ఉన్న అత్తమ్మకి ఈ సంగతి తెలియక కాదు. తను చేసే పనికీ దానికీ పోలిక ఉందని ఆమెకి ఏనాడూ అనిపించలేదు. అవతల ఆయన మాత్రం రోజూ పొద్దుగూకగానే తన పేరూ, పోయిన తండ్రి పేరూ లాంతరు వెలుగులోంచి వినిపిస్తుంటే, ఇంట్లో చల్లబడిపోయి కూర్చునేవాడట.

వానలు ఆలస్యంగానైనా వచ్చాయి. వాటి వెనకే జ్వరాలు వచ్చాయి. అందరికంటే ముందు ఆయనకే వచ్చింది.

ఆయన భార్య తోటకూర కోసుకునే మిషతో తడికె దగ్గరికి వచ్చి, లోగొంతుకతో నన్ను పిలిచింది. అత్తమ్మని పిలవమంటే పిలిచాను.

"నర్సమ్మా, సలి జరం. దుప్పట్లు కప్పినా వణుకుతండు. ఏవేవో మాట్లాడుతండు" అంది.

"మరి పిలవకపోయినవ్ ఏంది నన్ను?"

ఆమె తోటకూర కాడలు విరుస్తూ నిలబడింది. "నువ్వే తెప్పించినవంటుండు. పేరు పెట్టి పిలిచి పిలిచి తెప్పించినవంట. నీ మందు ముట్టనంటుండు."

అత్తమ్మ ముఖం పాలిపోవడం నేను అంతకుముందు చూడలేదు. సంచీ తీసుకుని వెంటనే వెళ్ళింది. ఆయన గుమ్మంలోకి కూడా రానివ్వలేదు. మంచం మీద నుంచే చెంబు విసిరాడు. చెంబు మేకపోతుకి తగిలింది. ఆ ఒక్క విషయంలో నాకు ఇప్పటికీ విచారం లేదు.

సాయంత్రానికి ఆ మాట ఊరంతా పాకింది. నర్సమ్మ మంత్రం పెట్టిందట. మా ఆయన బడి నుంచి వచ్చి తలుపు గడియ పెట్టాడు. అటువైపు ఊళ్ళలో అలాంటి మాట ఒక మనిషి మీద పడితే ఏమవుతుందో అందరికీ తెలుసు. చెట్టుకి కట్టేసిన వాళ్ళున్నారు, మళ్ళీ కనిపించని వాళ్ళూ ఉన్నారు.

"అమ్మా, పొద్దున్నే బయల్దేరుదాం. కొన్ని దినాలు ఖమ్మంల వీళ్ళ అమ్మగారింట్ల ఉందాం" అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. షేర్ ఆటోలు, కరెంటు, మా అమ్మ చేసే పప్పుచారు అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు కనపడ్డాయి. అప్పుడే సంచీలో చీరలు సర్దడం మొదలుపెట్టాను.

"మనం పోతే ఆయన పోతడు. అది మెదడుకెక్కే జరం లెక్కనే ఉన్నది" అంది అత్తమ్మ.

"పోనీ అత్తమ్మా!" అన్నాను. నిజంగానే అన్నాను. "మన పాక పీకినోడు, నీ మీద ఇంత మాట పుట్టించినోడు."

"పాక పీకిండు. అందుకని పాణం ఇడవమందామా? బతికుంటే రేపు మళ్ళ కొట్లాడొచ్చు. నువ్వు కూడా రా, కలిసి కొట్లాడుదాం" అంది. ఆ మాటకి నేను నవ్వలేదు. చీరలు మాత్రం సంచీలోంచి తీసేశాను.

పొద్దున్నే ఊరి ముసలాయన ఒకడు కబురు తెచ్చాడు. ఊరి పద్ధతి ప్రకారం, మంత్రం పెట్టిన మనిషే దాన్ని వెనక్కి తీసుకోవాలి. తన ఇంటి నీళ్ళు ఆకు దొప్పలో తీసుకుని, జబ్బుమనిషి గడపకి వెళ్ళాలి. అందరి ముందూ తను ఒక గుక్క తాగి, మిగతావి అతనికి తాగించి, పేరు వాపసు ఇచ్చానని చెప్పాలి. ఆ తర్వాత ఆ పేరు ఇక ఎప్పుడూ ఆమె నోట రాకూడదు.

మా ఆయన అడ్డం పడ్డాడు. "అమ్మా, నువ్వు పోయినవంటే చేసినట్టు ఒప్పుకున్నట్టే. రేపు ఊర్ల ఎవనికి జరమొచ్చినా నీ మీదికే వస్తరు." అందులో తప్పేమీ లేదు. అంతకంటే సరైన మాట నాకూ తోచలేదు. నాకైతే ఇంకో బాధ కూడా ఉంది. ప్రార్థనని వాపసు తీసుకోవడం ఏమిటి? దేవుడికిచ్చిన మాట మేకలాయన కోసం వెనక్కి తీసుకుంటారా?

అత్తమ్మ బిందెలోంచి నీళ్ళు ముంచింది. మాత్రలు కొంగున ముడేసుకుంది. "దేవునికి నేను సర్దిచెప్పుకుంట. ఈయనకు సర్దిచెప్పే టైం లేదు" అని బయల్దేరింది. వెనక మేమిద్దరం నడిచాం.

ఆయన వాకిట్లో జనం ఉన్నారు. కొందరి చేతుల్లో కర్రలు ఉన్నాయి. అవి మామూలుగా పశువులు తోలే కర్రలే గానీ, ఆ రోజు నాకు అలా కనపడలేదు. ఆయన్ని గడప దాకా తెచ్చి గోడకి ఆనించి కూర్చోబెట్టారు. కళ్ళు పచ్చబడి ఉన్నాయి. ఆ పొడుగాటి మనిషి అంత చిన్నగా ఎలా ముడుచుకుపోయాడో అర్థం కాలేదు. నాకున్న కోపం ఆ చూపుతోనే ఎక్కడికో పోయింది, వెతుక్కున్నా దొరకలేదు.

"తప్పయిందని చెప్పు" అన్నాడు ముసలాయన.

అత్తమ్మ అందరికీ వినపడేట్టు, అంటే ఆమెకి మామూలు గొంతుతో, చెప్పింది. "నేను మంత్రం పెట్టలే. ఆయన మంచి కోరే పేరు చెప్పిన. కానీ ఆయనకు భయం పుట్టించిన. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటున్న." తర్వాత ఆయన ముందు కింద కూర్చుంది. "పెద్దన్నా, నీ పేరు నీది. నువ్వు వద్దన్నంక నా నోట్లె పెట్టుకునే హక్కు నాకు లేదు. ఇగో, వాపసు తీస్కో."

తను ఒక గుక్క తాగి దొప్ప అందించింది. ఆయన చేతులు వణికి సగం నీళ్ళు ఒలికిపోయాయి. మిగిలినవి తాగాడు. తాగుతుండగానే అత్తమ్మ కొంగు ముడి విప్పి, "ఆ నీళ్ళతోనే ఇవి కూడ మింగు, విడిగ నీళ్ళెందుకు" అంది. మంత్రం వాపసు పోయిన హుషారులో ఆయన కాదనలేకపోయాడు. ఆ తర్వాత వేలు పొడిస్తే మాత్రం కెవ్వుమన్నాడు. కొండ ఎక్కి పందిని కొట్టే మనిషి సూదికి అరిస్తే, కర్రలు పట్టుకున్న వాళ్ళలో ఇద్దరు నవ్వారు. నేను అప్పుడే ఊపిరి పీల్చుకున్నాను.

స్లైడు మీద పేరు రాయాలి. అత్తమ్మ కలం పట్టుకుని ఆగిపోయింది. నోట రాకూడదన్నారు గానీ చేత రాయకూడదనలేదు కదా అన్నాడు మా ఆయన. ఆమె ఒప్పుకోలేదు. చివరికి మా ఆయనే రాశాడు. జ్వరం పూర్తిగా దిగేదాకా అత్తమ్మ రోజూ పొద్దున్నే వెళ్ళి, మాత్రలు మింగించి, జావ తాగించి వచ్చేది. ఆ ఇంట్లో ఆయన్ని ఏమని పిలిచేదో తెలీదు గానీ, మా ఇంట్లో "మేకలదొడ్డాయన" అనేది. ఒకటి రెండు రోజులు ఆయన బతుకుతాడో లేదో అన్నట్టే ఉంది. అప్పుడు ఆమె అన్నం కూడా సరిగా తినలేదు. తర్వాత ఒక పొద్దున కిటికీలోంచి చూస్తే, ఆయన కర్ర పట్టుకుని మేకలకి రొడ్డ వేస్తున్నాడు. నేను అత్తమ్మని కేకేసి చూపించాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

మా ఆయన భయపడ్డదీ జరిగింది. ఆ నెలలోనే ఊళ్ళో ఇంకో ఇంట్లో జ్వరమొచ్చింది. ఎవరో మళ్ళీ నర్సమ్మ పేరు ఎత్తారు. అప్పుడు ఊరి పెద్దే కూర్చుని, "ఆమె నోట్లె నా పేరున్నది, నాకొచ్చిందనుకున్న. మీ పేర్లు ఎవలు చెప్పిన్రు? పోయి గోలీలు తెచ్చుకోన్రి" అని కసిరాడట. ఈ సంగతి ఆయన భార్యే తోటకూర కోస్తూ నాతో చెప్పింది. ఆయన మాత్రం మా వైపు చూసేవాడు కాదు. గుంజలూ తిరిగివ్వలేదు.

అత్తమ్మ మాట తప్పలేదు. కాకపోతే ప్రార్థనలో కొత్త తిప్పలు మొదలయ్యాయి. ఆయన పేరు చెప్పకూడదు, ఆయన్ని వదిలేయడానికి మనసొప్పదు. అందుకని ప్రార్థన మొదట్లో, ఆ పేరు ఉండాల్సిన చోట, ఆగేది. పేరుకి, తండ్రి పేరుకి, ఇంటి పేరుకి, పిల్లలకి, మేకలకి పట్టే సమయమంతా ఊరికే నిశ్శబ్దంగా కూర్చునేది. తర్వాత మిగతావాళ్ళని అందుకునేది. అంత గట్టిగా మాట్లాడే మనిషి ఉన్నట్టుండి ఆగితే, చిమ్మెటల చప్పుడు వినపడేది. నా అన్నం మాడే చప్పుడు కూడా.

చలికాలం వచ్చేసరికి ఒక వింత గమనించాను. సరిగ్గా మా ప్రార్థన వేళకే ఆయన మేక ఒకటి తప్పిపోయేది. దాన్ని వెతుక్కుంటూ వచ్చి తడికె పక్కన నిలబడేవాడు. ఆమేన్ అనగానే మేక దొరికినట్టుంది, వెళ్ళిపోయేవాడు. ఇలా చాలా రోజులు ఆ మేక తప్పిపోయింది.

ఒక సాయంత్రం అత్తమ్మ ప్రార్థన మొదలుపెట్టి, ఎప్పటిలాగే ఆగింది. తడికె అవతల నుంచి గొంతు వచ్చింది.

"నర్సమ్మా, ఆడ రోజూ ఆగుతవ్ ఏంది?"

ఆమె మంచి చెవి అటే ఉంది. కళ్ళు తెరిచింది. "మాటిచ్చిన గద పెద్దన్నా."

"ఆ ఆగేది నాకాడనా?"

"అవ్. నీకాడనే."

"గంతసేపా?"

"మీ నాయన పేరు, ఇంటి పేరు, పిల్లలు, మేకలు. అన్నీ ఉంటయ్ గదా."

అవతల ఆయన తడికెకి ఇంకొంచెం దగ్గరికి జరిగాడు.

"ఊర్ల అందరి పేర్లు ఇనబడ్తయి. క్యాంపోళ్ళు, అడివోళ్ళు కూడ ఇనబడ్తరు. నాకాడ ఆగుతవ్. సచ్చినోని లెక్క ఉన్నది నాకు."



మర్నాడు పొద్దుగూకకముందే ఆయన వచ్చాడు. ఈసారి తడికె అవతల కాదు, మా వాకిట్లోకి. చేతిలో ఆకు దొప్ప, అందులో ఆయన ఇంటి నీళ్ళు. వెనక ఆయన భార్య, ఆ ముసలాయన. మేము ముగ్గురం నిలబడిపోయాం. ఆయన ఒక గుక్క తాగి, దొప్ప అత్తమ్మకి అందించాడు. "పేరు మళ్ళ నీకాడ పెడ్తున్న. జర పైలం" అన్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "నేను పాటలు గిట్ల పాడ. మా పండుగ మాది. వచ్చే ఏడు కూడ వేటకు పోత" అన్నాడు.

"పో పెద్దన్నా. పిలిస్తే కూర తినడానికి వస్తం" అంది అత్తమ్మ, నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని. ఆ తుడుచుకోవడంలో కళ్ళు కూడా తుడిచేసుకుంది.

లాంతరు వెలిగించి కూర్చున్నాం. వాళ్ళు వాకిట్లోనే నిలబడ్డారు. అత్తమ్మ కళ్ళు మూసుకుంది. పేరు చెప్పింది. తండ్రి పేరు చెప్పింది. ఇంటి పేరు, మేకలదొడ్డి పక్క ఇల్లు, పిల్లలు, మేకలు, ఒక్కటీ వదల్లేదు. అవతలి వీధి దాకా వినపడేట్టు చెప్పింది. తండ్రి పేరు వచ్చినప్పుడు ఆయన భుజం మీది ఎర్ర తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

ఆమె ఇంకా మిగతావాళ్ళ దగ్గరికి రాకముందే నేను ఆమేన్ అన్నాను. గట్టిగానే అన్నాను. అత్తమ్మ ఒక కన్ను తెరిచి నా వైపు చూసింది.

"అన్నం మాడుతోంది అత్తమ్మా" అన్నాను.

ఆ సాయంత్రం నేను ఇంకా పొయ్యి వెలిగించనే లేదు.